పాత కారుది పుట్టినప్పటి ఇంజనేనా?

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తెల్ల అంబాసిడర్ కనిపించిందనుకోండి. దాని ఇంజను పుట్టినప్పటిదేనా? ఎలా కనిపెడతాం?

మనింట్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా! ఫ్యాక్టరీలో ఇంజను మీద ఒక నంబరు, ఛాసిస్ మీద ఇంకోటి అలాగే కొడతారు. రెండూ ఆర్‌సీలో ఉంటాయి. మసి తుడిచి, కాగితం పెట్టి, పెన్సిలు రుద్దితే రూపాయి బిళ్ల అచ్చులా అంకెలు దిగుతాయి. వాటిని ఆర్‌సీతో పోల్చి చూడాలి. ఇంజను చల్లారాకే సుమా!

అయితే పెట్రోలు ఖర్చు తట్టుకోలేక డీజిల్ ఇంజను వేయించుకున్న అంబాసిడర్లు బోలెడు. వాటి ఆర్‌సీలో కొత్త నంబరే ఎక్కించి ఉండొచ్చు. అందుకే మొదటి ఆర్‌సీనో, కొన్నప్పటి బిల్లునో అడగాలి.

కొట్టేసిన గిన్నె మీద పేరు అరగదీసినట్టు, అంకెల చుట్టూ ఇనుము గీతలుపడి మెరుస్తోందా? అనుమానించాల్సిందే.