ముక్క పరీక్ష రిపోర్టు తప్పితే?

మెడలో గడ్డలు కనిపిస్తే మన పెద్దలు గండమాల అనేవారు. 1912లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వెలసిన మదనపల్లెలో క్షయ అంటే తెలియని ఇల్లు లేదు. అందుకే ఇప్పటికీ గడ్డ అనగానే మన మనసు టీబీ వైపే పోతుంది. కానీ గడ్డలన్నీ టీబీ కావు, కొన్ని క్యాన్సర్లు. పైకి చూస్తే తేడా తెలియదు. కనుక చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తాం. దీనినే బయాప్సీ అంటారు.

ఈ పరీక్షలోనూ పొరపాట్లు జరుగుతాయి. టీబీ గడ్డలో కణాలు గుంపులుగా చేరి కనిపిస్తాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్‌లోనూ ఒక్కొక్కసారి అలాంటి గుంపులే ఉంటాయి. తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు పడకపోతే రిపోర్టు టీబీ అని రావచ్చు. రోగి ఆరు నెలలు టీబీ మందులు మింగుతుంటే లోపల క్యాన్సర్ పెరుగుతుంది. మరోవైపు, రొమ్ములో వచ్చే టీబీ గడ్డ చేతికి అచ్చం క్యాన్సర్‌లాగే తగులుతుంది. మందులతో మానే జబ్బుకు రొమ్ము తీసేస్తే దాన్ని తిరిగి ఇవ్వలేం.

అన్ని తప్పులూ మైక్రోస్కోపు దగ్గరే జరగవు. ఇద్దరి సీసాలు తారుమారు కావచ్చు. ముక్కను చాలినంత ఫార్మలిన్‌లో వేయకపోతే కణాలు పాడైపోతాయి. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. రోగి వివరాలు రాయకుండా పంపితే పరీక్షించే డాక్టరు సగం సమాచారంతోనే తేల్చవలసి వస్తుంది.

మీరు చేయవలసినవి:

1. సీసా మీద పేరు, వయసు, ఏ వైపు గడ్డో రాశారా అని అడగండి.

2. ఇదివరకు టీబీ మందులు వాడి ఉంటే దాచకుండా చెప్పండి. పాత రిపోర్టులు వెంట తెచ్చుకోండి.

3. మందులు వాడుతున్నా గడ్డ తగ్గకపోతే, లేదా పెరిగితే, వెంటనే డాక్టరుకు చూపండి. మందులు మాత్రం సొంతంగా మానవద్దు.

4. పెద్ద ఆపరేషనుకు, క్యాన్సర్ మందులకు ముందు అనుమానం ఉంటే రెండో అభిప్రాయం తీసుకోండి. ముక్కను ఉంచిన మైనపు దిమ్మె, గాజు పలకలు ల్యాబులో భద్రంగా ఉంటాయి. వాటిని అడిగి తీసుకుని వేలూరు, తిరుపతి, కుప్పంలోని పెద్ద ఆసుపత్రుల్లో చూపించవచ్చు. చాలాసార్లు మళ్ళీ కోత అవసరం ఉండదు.

రిపోర్టు ఇంకొకరికి చూపిస్తామంటే డాక్టరు కోప్పడతారేమోనని చాలామంది జంకుతారు. జంకవద్దు. మా తప్పు ఏదైనా ఉంటే ఆపరేషనుకు ముందే తెలియాలని మేమూ కోరుకుంటాం.