ట్రంకుపెట్టెలో స్కౌటు చొక్కాలు

2022 జూన్‌లో బడి తెరవడానికి ముందురోజు మా పెద్దవాడి స్కౌటు చొక్కా బీరువాలోంచి తీశాను. ఇస్త్రీ మడత చెదరలేదు. అది కుట్టించింది 2020 ఫిబ్రవరిలో. ముచ్చటగా మూడుసార్లు తొడిగాడో లేదో, మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ తరువాత తెరవడం, మళ్ళీ మూయడం, సెల్‌ఫోనులో పాఠాలు - అదంతా అందరం పడ్డదే. చొక్కా మాత్రం కలరా ఉండల వాసన పీలుస్తూ బీరువాలో కూర్చుంది. పిల్లవాడు ఊరుకుంటాడా? పదకొండేళ్ళవాడు పదమూడేళ్ళవాడయ్యాడు. తొడిగి చూస్తే పైబొత్తాం మాట అటుంచి మధ్యబొత్తాం కూడా పట్టలేదు. లాగూ సంగతి చెప్పనే అక్కరలేదు.

"చిన్నవాడికి పనికొస్తుంది, దాచు" అన్నారు మా అత్తగారు.

రెండో మగపిల్లవాడున్న ఇంట్లో అల్లా జరుగుతుంది. లేని ఇంట్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. వీధిలోకి స్టీలు సామాన్లమ్మి వస్తుంది. నాలుగు చొక్కాలు, రెండు పంట్లాములు పడేస్తే ఒక గిన్నె ఇస్తుంది. ఇంకో చీర వేస్తే మూత కూడా ఇస్తుంది. మా వంటింటి అలమారులో మెరుస్తున్న గిన్నెల్లో సగం ఒకప్పుడు మావారి పంట్లాములే!

సరే, పెద్దవాడికి కొత్తవి కుట్టించాం. స్కౌటు దుస్తులంటే ఆషామాషీ కాదు. ఉక్కు బూడిదరంగు చొక్కా, దానికి మూతలున్న రెండు జేబులు, భుజాలమీద పట్టీలు. ముదురునీలం లాగూ, అదే రంగు బెరే టోపీ, బెల్టు, మెడలో దళం రంగు స్కార్ఫు, బూట్లు. బడి బట్టలు, పుస్తకాలు కొన్న నెలలోనే ఇవీ రావాలి. మావారు లెక్క చూసుకుని ఏమీ అనలేదు గాని, ఆ నెల రెండో పత్రిక మానిపించారు.

ఒక శనివారం సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకురావడానికి వెళ్ళాను. మైదానంలో దళం వరసల్లో నిలబడి ఉంది. వేపచెట్టు మొదట్లో మాత్రం ఒక కుర్రవాడు బడి బట్టలతోనే ఒంటరిగా కూర్చుని, తాడుముక్కతో ముడులు వేసుకుంటున్నాడు. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి.

"ఏం బాబూ, నువ్వు నిలబడలేదేం?" అన్నాను.

"కడుపునొప్పండీ" అన్నాడు, తలెత్తకుండా.

ఇంటికి వస్తూ మావాణ్ణి అడిగాను. "వాడికి ప్రతి శనివారం కడుపునొప్పేనమ్మా. యూనిఫారం లేదు. కరోనాలో వాళ్ళ నాన్నకి పని పోయింది" అన్నాడు.

స్కౌటు ఉద్యమం పెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం పెట్టినప్పుడు, గొప్పవాళ్ళ బడుల పిల్లల్నీ, కూలినాలి చేసుకునేవాళ్ళ పిల్లల్నీ కలిపి తీసుకెళ్ళాడు. అందరూ ఒకే రకం బట్టలు తొడిగితే వర్గభేదాలు మరుగుపడతాయన్నది ఆయన ఊహ. ఆ ఊహ తప్పని నేననను. కాని తేడా కనపడకుండా చెయ్యడానికి పుట్టిన బట్టే మా మైదానంలో తేడాను దండోరా వేసి చెబుతోంది. బడి బట్టల్లో అందరి మధ్యా తిరిగే పిల్లవాడు, స్కౌటు బట్టలు లేకపోయేసరికి చెట్టుకింద తేలాడు.

ఆ రాత్రే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చిందనుకున్నాను. తెలిసిన నలుగురు తల్లుల్ని అడిగి పొట్టి అయిపోయిన చొక్కాలు పోగుచేశాను. చిన్నవాడికని దాచిన మావాడి చొక్కా మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. ఆ సంగతి అప్పుడు నాకు తోచనే లేదు. పోగైనవన్నీ మూటకట్టి స్కౌటు మాస్టారికి ఇచ్చాను. ఆయన మంచి మనిషి, కల్మషం లేనివాడు. మరుసటి శనివారం వరసల ముందు నిలబడి, "యూనిఫారం కొనుక్కోలేనివాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి, ఇస్తాం" అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు. నలభైమంది పిల్లలు మాత్రం వెనక్కి తిరిగి వేపచెట్టుకేసి చూశారట. మావాడు చెప్పాడు.

ఆ పై శనివారం చెట్టుకింద కూడా ఎవరూ లేరు. కొన్నాళ్ళకు బడి గేటు దగ్గర ఆ పిల్లవాడి తల్లి కనబడింది. నేనే పలకరించి, బట్టల మాట ఎత్తాను. ఆవిడ కోప్పడలేదు. "మేం అడిగామాండీ?" అంది. అంతే, వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళయినా ఆ మాట నాకు చెవిలో వినబడుతూనే ఉంటుంది. ఆ మరుసటి ఏడు వాళ్ళు పిల్లవాణ్ణి వేరే బడికి మార్చుకున్నారు. వాడికి మేం చేసిన మేలంటూ ఏమీ లేదు.

మాస్టారూ, నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇచ్చేవాళ్ళు ఒకవైపూ, పుచ్చుకునేవాళ్ళు ఒకవైపూ ఉన్నంతకాలం పుచ్చుకునే చెయ్యి లేవదు. అంచేత అందరూ ఇవ్వాలి, అందరూ పుచ్చుకోవాలి. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వారి నియమాల్లో స్కౌటు పొదుపరి అని ఒకటుంది. మాస్టారు ఆ నియమం పట్టుకున్నారు. "ఇకనుంచి మన దళంలో చొక్కా పొట్టి అయితే మార్చుకోవడమే, ఇది పొదుపు నియమం" అన్నారు పిల్లలతో. లేనివాళ్ళు అనే మాటే ఎత్తలేదు.

2023 జూన్‌లో మా చిన్నవాడు పదేళ్ళు నిండి దళంలో చేరాడు. అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. మా పెద్దవాడి చొక్కా బీరువాలో ఉంది, చిన్నవాడికి అతికినట్టు సరిపోతుంది. నేను దాన్ని తీసుకెళ్ళి పెట్టెలో వేసి, పెట్టెలోంచి ఎవరిదో చొక్కా తెచ్చి చిన్నవాడికి తొడిగాను.

"ఇంట్లో ఉన్న చొక్కా ఊళ్ళో పెట్టి, ఊళ్ళో చొక్కా ఇంటికి తెస్తావా? ఇదెక్కడి చోద్యమే!" అన్నారు అత్తగారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. పొదుపు లెక్కన చూస్తే శుద్ధ తెలివితక్కువ పని. కాని నా కొడుకు పరాయి చొక్కా తొడక్కపోతే, ఇంకొకరి కొడుకును తొడుక్కోమనే ముఖం నాకెక్కడిది? రెండురోజులు ఆవిడ నాతో ముభావంగా ఉన్నారు. మూడోరోజు ఆ చొక్కా తెప్పించుకుని, వేడినీళ్ళలో ఉడకబెట్టి, గంజిపెట్టి ఆరవేశారు. ఊడిపోయిన బొత్తాం కూడా ఆవిడే కుట్టారు.

పెట్టె అన్నానుగదా, అది నా పెళ్ళినాటి ట్రంకుపెట్టె. బడిలో ఆటవస్తువుల గదిలో పెట్టాం. నెలలో మొదటి శనివారం తెరుస్తాం. ఉతికి, ఎండవేసి తెచ్చినవే తీసుకుంటాం. ఛాతీకొలత అంగుళాల్లో రాసి గుడ్డముక్క కాలరు లోపల కుట్టేస్తాం. ఒకటి తెచ్చినవాళ్ళు ఒకటి తీసుకోవచ్చు. తేవడానికి ఏమీలేని కొత్తపిల్లవాడు, తనది పొట్టి అయినప్పుడు తెస్తాడు. బూట్లు మాత్రం ముట్టుకోం, ఒకరి పాదం ఆకారానికి అరిగిన బూటు ఇంకొకరిని బాధపెడుతుంది. బెల్టులు ఎన్నేళ్ళయినా ఉంటాయి. స్కార్ఫు దళం రంగుది కనుక పక్క బడివాళ్ళది మాకు పనికిరాదు, మాది వాళ్ళకు పనికిరాదు.

పుస్తకంలో కొలతలే రాస్తాం, పేర్లు రాయం. ఒక తండ్రిగారు, బ్యాంకులో పని చేస్తారు, "పేర్లు లేకుండా లెక్క ఎల్లా తేలుతుందండీ?" అని గట్టిగా వాదించారు. ఆయన చెప్పినట్టే అయింది. మొదటి ఏడాది ఆఖరుకు మూడు చొక్కాలు తేలలేదు. ఎవరో తొడుక్కునే ఉంటారుగదా అని ఊరుకున్నాం. ఆయన మాత్రం ఊరుకోలేదు, ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఆ మూడింటి మాట అడుగుతారు.

మేం ఊహించని చిక్కొకటి వచ్చింది. చిన్నకొలతలు గుట్టలుపడ్డాయి, పెద్దకొలతలకు కరువొచ్చింది. ఆలోచిస్తే కారణం తెలుస్తూనే ఉంది. చిన్నపిల్లల చొక్కా చిరగకముందే పొట్టి అవుతుంది. పదిహేనేళ్ళవాడు ఎదగడం మందగించాక అదే చొక్కాను రెండుమూడేళ్ళు శిబిరాల్లో ఈడ్చి, మోచేతులు పోయేదాకా వాడతాడు. అంచేత తలా కొంత వేసుకుని పెద్దకొలతల్లో కొత్త చొక్కాలే కుట్టించి, పెట్టెలో పాతవాటి మధ్య పెట్టాం. దీనివల్ల అనుకోని లాభం కలిగింది. పెట్టెలోది అంటే పాతది అనే మాట పోయింది.

ఇక బ్యాడ్జీలు. చొక్కా చేతులు మారవచ్చు గాని బ్యాడ్జి మారకూడదు. ప్రథమ సోపానం, ద్వితీయ సోపానం అని మెట్టు మెట్టుకూ పరీక్షలిచ్చి సంపాదించుకున్నది అది. అంచేత పెట్టెలో వేసేముందు ఎవరివి వారే విప్పుకోవాలి. మా పెద్దవాడు తన చొక్కా ఇచ్చేనాడు ఎడమజేబు మీది సభ్యత్వ బ్యాడ్జిని ఒక్కొక్క కుట్టే బ్లేడుతో తెంపుతూ అరగంట కూర్చున్నాడు. మూడుసార్లు తొడిగిన చొక్కా మీద ఆ మమకారం ఏమిటో! తరువాత బ్యాడ్జిని లెక్కలపెట్టెలో దాచుకున్నాడు. బాగా వాడిన చొక్కాలైతే ఆ చోట బట్ట వెలవకుండా చుట్టుపక్కలకన్నా ముదురుగా కనబడుతుంది. కొత్తగా తొడిగినవాడు దీక్ష పుచ్చుకుని తన బ్యాడ్జి అక్కడే కుట్టుకుంటే మరుగుపడుతుంది. దీక్ష ఆలస్యమైతే మాత్రం ఆ మచ్చ అడుగుతూనే ఉంటుందని మాస్టారు వేళాకోళం చేస్తారు.

రెండో ఏట గైడ్సు ఆడపిల్లలు వచ్చి, "మాకు పెట్టె లేదా?" అన్నారు. అడగవలసిన మాటే. ఆ పెట్టె మా పక్కింటివారు ఇచ్చారు.

మొన్న మధ్యాహ్నం స్టీలు సామాన్లమ్మి వచ్చి గుమ్మంలో గంప దింపింది. మా అత్తగారు నాలుగు పాతచీరలు తెచ్చి గిన్నెకోసం బేరం మొదలుపెట్టారు. బేరం కుదిరేలోగా ఆ మనిషి చీరలు తిరగేసి చూసి, "ఏవమ్మా, మీ వీధిలో ఇదివరకు జేబులకు మూతలున్న బూడిదరంగు చొక్కాలు బాగా పడేవి. ఈమధ్య ఒక్కటీ రావడంలేదేం?" అంది.

"అవి మా వీధిలోనే తిరుగుతున్నాయే" అన్నారు అత్తగారు, గిన్నెను వేలితో కొట్టి చూసుకుంటూ.