వెనుక వరుస కుదుపు

దూరపు బస్సులో వెనుక వరుస దొరికిన రాత్రి మాకు నిద్ర యుండదు. వెనుక చక్రము గుంత దాటి లేచినపుడు, బస్సు ముందు ఇరుసు ఆధారముగా ఏతపు మ్రానువలె తూగును. కొనయందున్నవారే మిక్కిలి ఎగురుదురు. నడుమ కూర్చున్నచో కుదుపు తగ్గును.

అయినను చవుక బస్సునే ఎక్కుదుము. ముఖమెరుగని తల్లి తన బిడ్డను మా యొడిలో కూర్చుండబెట్టి తాను నిలుచుండును. దిగునపుడు జామపండొకటి చేతబెట్టును.

రాష్ట్రములోని స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణమున 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న ఛార్జీ తీసివేసిరి. పెద్దాసుపత్రికి బయలుదేరు గర్భిణులలో, వృద్ధురాండ్రలో పలువురకు ఈ బస్సే దారి. ఛార్జీ పోయినను గుంత మిగిలినది. కావున శ్రోతలారా, నడిమి ఆసనము వారికిచ్చి, వెనుక వరుసకు మనము పోవుదము.