మేనరికం, జన్యుసలహా: గర్భం దాల్చకముందే తెలుసుకోవలసినవి

హొసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు ఇళ్లలో అక్క కూతురినో, మేనమామ కూతురినో, మేనత్త కూతురినో చేసుకోవడం తరతరాల ఆచారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో రక్తసంబంధీకుల వివాహాలు 11 శాతం. తమిళనాడులో 28, కర్ణాటకలో 27, ఆంధ్రప్రదేశ్‌లో 26 శాతం. మూడు రాష్ట్రాల సరిహద్దున ఉన్న మనకు ఇది పరాయి లెక్క కాదు.

మన దేహంలో దాదాపు ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అనేక వ్యాధులలో ఒక ప్రతి చెడినా రెండవది పని నడిపిస్తుంది. అట్టివారు ఆరోగ్యంగానే ఉంటారు, వారిని వాహకులంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైనప్పుడు ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దీనిని చాలామంది అపార్థం చేసుకుంటారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది గనుక తరువాతి ముగ్గురు క్షేమమని కాదు. ప్రతి కాన్పుకు చీటీలు మళ్లీ కొత్తగా వేసినట్లే. లోపం ఇద్దరి నుండీ రావాలి గనుక కోడలినొక్కదానినే నిందించడం అన్యాయం, అజ్ఞానం కూడా.

మేనమామ, మేనకోడళ్ల జన్యువులలో నాలుగవ వంతు, మేనత్త మేనమామ బిడ్డలలో ఎనిమిదవ వంతు ఉమ్మడివి. అయినా మేనరికపు దంపతులలో అధికుల బిడ్డలు ఆరోగ్యవంతులే. సాధారణంగా నూటికి రెండు మూడుగా ఉండే పుట్టుకలోపాల అవకాశం మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో ఇంచుమించు రెట్టింపవుతుంది. గోత్రం వేరు గదా అనేవారున్నారు. గోత్రం తండ్రి వరుసనే లెక్కిస్తుంది; మేనరికంలో గోత్రాలు ఎలాగూ వేరే, రక్తం మాత్రం ఒకటే.

బంధుత్వం లేకున్నా శతాబ్దాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగినచోట కొన్ని లోపాలు నిలిచిపోతాయి. ఆర్యవైశ్యులలో కొందరికి రక్తంలో ఒక ఎంజైము పుట్టుకతోనే కొరవడుతుంది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్ మందు వారిలో త్వరగా విరిగిపోదు. గంటల తరబడి సొంతంగా శ్వాస తీసుకోలేరు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగివుంటే మత్తువైద్యునికి ముందే చెప్పాలి.

జన్యుసలహా అంటే పెళ్లి మాన్పించడం కాదు. వ్యాధి ఏది, మళ్లీ వచ్చే అవకాశమెంత, ఏ పరీక్షలున్నాయి అన్నది వివరిస్తారు, నిర్ణయం దంపతులదే. బెంగుళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, వేలూరులో సి.ఎం.సి., హైదరాబాదులో నిమ్స్ ఈ సేవకు పేరుపొందినవి. గర్భస్థ శిశువు పరీక్షలలో ఒకటి 11 నుండి 13 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తరువాత చేస్తారు. అంతకుముందే కుటుంబంలోని లోపమేదో తేలివుండాలి. ఐదవ నెలలో పరుగెత్తితే వ్యవధి చాలదు. ఈ పరీక్షలలో ఆడ, మగ చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

అన్నిటికంటె ముఖ్యమైనది జబ్బుపడిన బిడ్డ రక్తనమూనా. బిడ్డ దక్కకపోతే ఆ దుఃఖంలో కాగితాలన్నీ పారవేసే ఇళ్లున్నాయి. తరువాతి కాన్పుకు దారిచూపేది ఆ కాగితాలే. బిడ్డ బ్రతికివుండగానే డి.ఎన్.ఏ. నమూనా భద్రపరచగలరా అని వైద్యుని అడగాలి. అడగడానికి నోరు రాదు, నిజమే. అయినా దగ్గరి బంధువొకరు ఆ మాట అడిగిపెట్టాలి.

సలహాకు పోయేముందు మూడు తరాల వంశవృక్షం వ్రాసుకొని వెళ్లాలి. చిన్నతనంలో పోయినవారిని, గర్భస్రావాలను దాచరాదు. బెంగుళూరులో ఇంగ్లీషు మాటల మధ్య మన వరుసలు చెదరిపోతాయి. ‘మామ’ అంటే తల్లి సోదరుడా, భర్త తండ్రా? ‘అంకుల్’ అంటే అసలే తేలదు. కనుక వరుస పేరు కాక ‘అమ్మ తమ్ముడు’, ‘నాన్న అక్క కూతురు’ అని విడమరచి వ్రాయండి.