కాళింది మృతికి బాధ్యులెవరు?

నేరము వేఱు, పాపము వేఱు. నేరమునకు సాక్షులు, దస్తావేజులు, శిక్షాస్మృతులు కావలయును. పాపమునకు చేసినవాని మనస్సొక్కటే సాక్షి; ఆ సాక్షి పెక్కుమారులు పలుకక యూరకుండును. "ఎవరు చేసిరి?" అని న్యాయస్థానము ప్రశ్నించును. "ఎవరెవరు చేయనిచ్చిరి?" అని ఉత్తమమైన విషాదనాటకము ప్రశ్నించును. ఈ రెండవ ప్రశ్నను ఆంధ్ర గృహస్థుని వాకిట నిలిపిన నాటకము కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము'. 1920వ దశకపు తొలినాళ్లనాటి కృతి యది. నూఱేండ్లు గడచినవి. ప్రశ్నకు ప్రత్యుత్తరము మాత్రము నేటికిని రాలేదు.

కథ పెద్దలకు తెలిసినదే యైనను ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చుకొందము. ఉద్యోగము చాలించిన పురుషోత్తమరావునకు కాళింది, కమల యను నిద్దఱు కుమార్తెలు. కట్నమిచ్చుట తప్పని నమ్మినవాడాయన. అయినను, ఎదిగిన పిల్ల యింట నున్నదను భార్య భ్రమరాంబ యారాటమునకు లోబడి, పేరయ్య మధ్యవర్తిత్వమున, పరమలోభియగు సింగరాజు లింగరాజు కుమారుని 5,500 రూపాయలకు కుదుర్చుకొనును. ఆ పైకమునకై ఆస్తి విక్రయింపవలసి వచ్చును. తన వివాహము తండ్రికి నిలువనీడ లేకుండ చేయుచున్నదని కుమిలి కాళింది ప్రాణములు విడుచును. పెండ్లికూతురు పోయినను లింగరాజు పుచ్చుకొన్న సొమ్ము తిరిగి యీయడు.

ఈమె మృతికి బాధ్యులెవరు? ప్రేక్షకుడు తడవుకొనక లింగరాజును చూపును. అట్లు చూపుటలో సౌఖ్యమున్నది. లింగరాజు వేదికపై నున్నవాడు, నవ్వు పుట్టించువాడు, మనకు చుట్టము కానివాడు. కాని నాటకమును నిదానముగా చదివినచో దోషము ఆ యొక్కనితో ఆగదు. లింగరాజు ధర ఆడిగినాడు. ఆ ధరకు ఒప్పుకొన్నవారు వేఱొకరు. భ్రమరాంబ తల్లిప్రేమ చేతను, ఇరుగుపొరుగుల మాటకు వెఱచియు తొందరించినది. పురుషోత్తమరావు సంగతి మరింత కఠినము. లింగరాజునకు ధర్మమన్న మాటయే రుచింపదు. పురుషోత్తమరావు ధర్మ మెఱిగినవాడు, నలుగురికి చెప్పదగినవాడు. తెలియనివాడు తప్పినచో అది మౌఢ్యము. తెలిసినవాడు తప్పినచో దానికి క్షమ దొరకుట కష్టము.

అయినను విచిత్రమేమనగా, ఆ గృహమున కాళిందిని ద్వేషించినవా డొక్కడును లేడు. ఆమె మేలు కోరియే తల్లి తొందరించెను. ఆమె మేలు కోరియే తండ్రి తన నియమము విడిచెను. తండ్రి మేలు కోరియే ఆమె ప్రాణము విడిచెను. మూడు ప్రేమలు కలిసి ఒక మరణమైనవి. కుటుంబాభిమానము మన జాతికి అలంకారమని నిత్యము చెప్పుకొందుము. అది సత్యమే. కాని న్యాయము తోడు లేని కుటుంబాభిమానము తనవారినే ముందుగా బలిగొనునని కాళ్లకూరివారు చూపిరి.

ఇచ్చట మరియొక హెచ్చరిక యవసరము. కాళింది త్యాగమును వేనోళ్ల కొనియాడుట మనవారికి అలవాటు. ఆ కొనియాడుటలో ఒక క్రౌర్యము దాగియున్నది. ఆమెయు తండ్రి లెక్కపుస్తకములో తన్ను తాను ఖర్చుపద్దుగానే చూచుకొన్నది. అట్లు చూచుకొనుట ఆమెకు నేర్పినవారెవరు? పిల్ల పుట్టినదినమే "భారము" అని నిట్టూర్చిన చుట్టపక్కములు కాదా? ఆమె చావును పుణ్యమని పొగడినచో, ఆ నిట్టూర్పు న్యాయమైనదని మనమే ఒప్పుకొన్నట్లగును.

ఇరవై యేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1947లో, అమెరికా దేశమున ఆర్థర్ మిల్లర్ 'ఆల్ మై సన్స్' అను నాటకమును ప్రదర్శింపించెను. జో కెల్లర్ అను కర్మాగారపు యజమాని యుద్ధకాలమున బీటలు వారిన యంత్రభాగములను విమానదళమునకు పంపును. 21 మంది వైమానికులు మరణింతురు. భాగస్వామి చెఱకు పోవును, కెల్లర్ తప్పించుకొనును. నిలదీసినప్పుడు ఆయన చెప్పు సమాధాన మొక్కటే: అంతయు కుటుంబము కొఱకే, బిడ్డల కొఱకే. కాని యుద్ధమునకు వెళ్లిన కుమారుడు తండ్రి చేసిన పని తెలిసి సిగ్గుతో ప్రాణము తీసికొన్నాడని ఉత్తరము బయటపడును. చనిపోయినవారందఱును తన కుమారులవంటివారేయని ఆయన గ్రహించునప్పటికి కాలము మించిపోవును. దేశము వేఱు, వ్యాపారము వేఱు. "పిల్లల కొఱకే" అను మాట మాత్ర మొక్కటే. మన ప్రాంతమున కట్నము పుచ్చుకొనువాడును ఆ మాటయే చెప్పును. ఇచ్చువాడును ఆ మాటయే చెప్పును.

'వరవిక్రయము' 1939లో చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రమైనది. అందు కాళిందిగా నటించి తొలిసారి తెరపై కనిపించిన బాలిక, ఒంగోలు సమీపమునందలి దొడ్డవరములో జన్మించిన భానుమతి. లింగరాజు వేషము వేసినవారు గుంటూరు సీమకు చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. 'సత్యహరిశ్చంద్రీయము' వ్రాసిన మహనీయు డాయనయే. కాశీవీథిలో ఆలిని అమ్మజూపిన హరిశ్చంద్రుని దుఃఖము విని మన గ్రామములు ఎన్ని రాత్రులు కన్నీరు కార్చినవో లెక్కలేదు. ఆ దుఃఖమునకు పద్యము కట్టిన చేతులే, కొడుకును అమ్మి సొమ్ము లెక్కించు చేతులుగా తెరపై కనిపించినవి. ఒకడు సత్యము నిలుపుటకై అమ్మినాడు. ఒకడు పెట్టె నింపుటకై అమ్మినాడు. మనము మొదటివానికి ఏడ్చి, రెండవవానికి నవ్వి, ఇల్లు చేరిన పిమ్మట రెండవవాని పీటమీదనే కూర్చుండుచున్నాము.

ఈ మాట గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రైతునకు నేరుగా తగులును. పత్తి తీసి, మిరప కల్లమున నెండబెట్టి, టిక్కీలు యార్డునకు చేర్చి, ధర కొఱకు దళారి ముఖము చూచినవానికి బేరమనగా నేమో ఒకరు చెప్పనక్కరలేదు. తన సరుకునకు న్యాయమైన ధర రాలేదని వగచు ఆ రైతే, పెండ్లిమాటలనాడు పిల్లవానికి ఇన్ని ఎకరములని ధర కట్టుట వింతగాదా? ఒక ఏటి పంట పోయినచో మరుసటి యేట రావచ్చును. కట్నమునకు పోయిన పొలము తిరిగి రాదు.

శాసనములు రాకపోలేదు. ఆంధ్రప్రదేశమున 1958లోను, దేశమంతటికి 1961లోను వరకట్న నిషేధ చట్టములు వచ్చినవి. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములే యని 1961 చట్టము స్పష్టముగా చెప్పినది. 1986లో వరకట్న మరణమను ప్రత్యేక నేరము శిక్షాస్మృతిలో చేరినది. నేటి భారతీయ న్యాయసంహితలోను అది యున్నది. అయితే ఆ నిబంధన పెండ్లియైన ఏడేండ్లలోపు మరణములను గుఱించినది. కాళింది పెండ్లికి ముందే చనిపోయినది! శాసనము లెక్క ప్రారంభించుటకు ముందే ఆమె లెక్క ముగిసినది. చట్టము చేయలేని పనిని గృహస్థుని మనస్సే చేయవలయునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

చేయలేమని యనుట ఈ ప్రాంతమువారికి తగదు. 1921లో చీరాల పేరాలల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై మునిసిపాలిటీ పన్నుకు లోబడక ఊరు విడిచి పాకలలో కాపురముండిరి. 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున తెల్లప్రభుత్వమునకు శిస్తు కట్టమనిరి. 'వరవిక్రయము' పుట్టిన కాలమే యది. తుపాకులు గల దొరతనమునకు పన్ను కట్టమనగలిగిన తాతలకు మనుమలమై, వియ్యంకునకు ఈ పన్ను కట్టమని యనలేమా? దొరను ధిక్కరించుటకు ధైర్యము చాలును. చుట్టమును ధిక్కరించుటకు ధర్మబుద్ధి కూడ కావలయును. అదియే కొఱవడినది.

నాటకమున కమల చేసిన పని యిదియే. అక్క పోయిన యింటివాని కొడుకునే ఆమె వివాహమాడినది. పిమ్మట అత్తవారింటికి పోనన్నది. సొమ్మిచ్చి కొన్న వస్తువు కొన్నవారి యింట నుండవలయును గాని, అమ్మినవారి యింట నుండుటేమని న్యాయస్థానమున నిలిచి యడిగినది. లింగరాజు బేరమును లింగరాజు మాటలతోనే ఓడించినది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. కాని ఆ విజయము కాళిందిని తిరిగి తేలేదు.

అక్క మరణమున, చెల్లెలి పోరాటమున నడుమ ఒక మూడవ మార్గమున్నది. తాంబూలములనాడు తండ్రి "ఈయను" అనుటయు, వరుడు "పుచ్చుకొనను" అనుటయు ఆ మార్గము. పురుషోత్తమరావు నోట ఆ యొక్కమాట సమయమునకు వచ్చియున్నచో ఆ గృహమున చావు లేకపోయెడిది. రానున్న లగ్నములలో మన యిండ్లకు మధ్యవర్తులు వత్తురు, సంఖ్య పలుకుదురు. ఆ క్షణమున మన నోట వచ్చు మాటయే కాళింది మృతికి బాధ్యులెవరను ప్రశ్నకు మన ప్రత్యుత్తరము.