పేరు మారింది, పెట్టె మారిందా?

మన గోడపత్రికలో కవితలు, పుస్తక పరిచయాలు, పండగల వ్యాసాలు చదువుతుంటాం. ఈసారి నేను ఒక యంత్రం గురించి రాస్తున్నాను. రాక్ సంగీతం వాయించేవాళ్ళు వాడే వాల్వు ఆంప్లిఫయరు అది. సంగీతం నచ్చనివాళ్ళు కూడా చదవండి. ఒకే వస్తువు నాలుగు పేర్లతో అంగట్లోకి వస్తే వాటిలో నిజమైన తేడా ఎంత, పేరుకోసం మనం కట్టే డబ్బు ఎంత అన్నదే ఇందులో అసలు ప్రశ్న.

ఇది నా దగ్గరకు ఎలా వచ్చిందో చెబుతాను. మా పెదనాన్న కొడుకు, అంటే నాకు అన్న, ఒక బ్యాండులో గిటారు వాయిస్తాడు. ఉండేది దేవనహళ్ళిలో మా వీధిలోనే, ఉద్యోగం విమానాశ్రయంలో. రెండేళ్ళు డబ్బు కూడబెట్టి సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయరు కొనాలనుకున్నాడు. రెండు దారులు కనిపించాయి. ఒకటి, డాలస్‌లో ఉన్న వాళ్ళ మామయ్య వస్తూ తెచ్చిపెట్టే ‘5150’. రెండోది, బెంగళూరులోనే ఒకాయన అమ్ముతున్న ‘6505’. రెండింటి ధరకూ మధ్య తేడా అన్న రెండు నెలల జీతం. ‘‘పాతదే అసలుది, 6505 ఉత్త నకలు’’ అని బ్యాండు స్నేహితులు. ‘‘ఏదైతేనేం, రెండూ ఒకటే గోల’’ అని పెద్దమ్మ. సంగతేమిటో చదివి చెప్పమని అన్న నాకు అప్పగించాడు. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ కన్నడ. ఇద్దరికీ చెప్పాలంటే ముందు నాకు తేలిక మాటల్లో అర్థం కావాలి గదా, అలా మొదలైంది.

ముందు ‘హై గెయిన్’ అంటే ఏమిటో చూద్దాం. గిటారు తీగ కింద ఉండే పికప్ నుంచి వచ్చే విద్యుత్తు సంకేతం చాలా చిన్నది. దాన్ని స్పీకరు కదిలించేంత పెద్దది చేసేది ఆంప్లిఫయరు. పెంచే శక్తికి ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటించి తోస్తే సంకేతపు అల తల పైకి లేవలేక బల్లపరుపుగా తెగిపోతుంది. ఉత్సవాల్లో మైకుసెట్టు వాల్యూం మరీ పెంచితే పాట పగిలినట్టు వినిపిస్తుంది చూడండి, అదే ఇది. మైకుసెట్టులో అది లోపం. రాక్ గిటారుకు మాత్రం అదే గుణం. అల తెగిన చోట కొత్త స్వరాంశాలు పుడతాయి, ధ్వని గరుకెక్కుతుంది, ఒకసారి మీటిన తీగ చాలాసేపు మోగుతుంది. ఒక వాల్వు పెంచినదాన్ని ఇంకొకటి, అది పెంచినదాన్ని మరొకటి, ఇలా మెట్లుమెట్లుగా పెంచి, తెంపి పంపేదే హై గెయిన్ ఆంప్లిఫయరు.

వాల్వు మనవాళ్ళకు కొత్త కాదు. మా తాతయ్య పాత రేడియో వెనక అట్ట తీస్తే గాజు గొట్టాలు కనిపిస్తాయి, ఒకదాని మీద బి.ఇ.ఎల్. అని ఉంది. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1954లో మన బెంగళూరులోనే పుట్టింది. జాలహళ్ళిలోని ఆ కర్మాగారంలో 1960ల నుంచి ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వులు తయారుచేశారు. వాల్వు లోపల ఒక ఫిలమెంటు వేడెక్కితే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి ప్లేటు వైపు పోతాయి. మధ్యలో ఉన్న సన్నటి తీగల గ్రిడ్డు మీద చిన్న సంకేతం పెడితే ఆ పెద్ద ప్రవాహం దానికి తగ్గట్టు ఆడుతుంది. కాలువ తూము మీద చెయ్యి వేసి నీటిని అదుపు చేసినట్టన్నమాట. రేడియోలు ట్రాన్సిస్టరుకు మారిపోయినా, గిటారు వాయించేవాళ్ళు మాత్రం వాల్వును వదల్లేదు. హద్దు దాటినప్పుడు వాల్వు ధ్వని తెగే తీరు చెవికి ఇంపుగా ఉంటుందని వాళ్ళ మాట.

ఇప్పుడు మన పెట్టె చరిత్ర. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో హార్ట్‌లీ పీవీ 1965లో పెట్టిన కంపెనీ పీవీ. (మన ఇళ్ళలో పీవీ అంటే నరసింహారావుగారే గుర్తొస్తారు. ఈ పెట్టె మార్కెట్లోకి వచ్చిన 1992లో ఆయనే ప్రధాని!) ప్రసిద్ధ గిటారు కళాకారుడు ఎడ్డీ వాన్ హేలెన్ కోసం ఆ కంపెనీ ఇంజనీరు జేమ్స్ బ్రౌన్ దీన్ని రూపొందించాడు. 5150 అన్నది కాలిఫోర్నియా చట్టంలో ఒక సెక్షను సంఖ్య. మతి స్థిమితం తప్పి ప్రమాదకరంగా ఉన్నవాళ్ళను ఆస్పత్రిలో నిర్బంధించడానికి అది వీలిస్తుంది. ఎడ్డీ తన స్టూడియోకీ, 1986లో వచ్చిన ఆల్బముకూ అదే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరే ఆంప్లిఫయరుకూ వచ్చింది.

1999లో 5150-2 వచ్చింది. 2004లో ఎడ్డీ, పీవీ విడిపోయారు. పేరు ఎడ్డీ వెంట వెళ్ళింది, సర్క్యూటు పీవీ దగ్గర ఉండిపోయింది. పీవీ తన నలభై ఏళ్ళ గుర్తుగా, 1965 నుంచి 2005 అనే అర్థంలో, పాత 5150ని 6505గా, 5150-2ని 6505 ప్లస్‌గా పేరు మార్చి అమ్మడం మొదలుపెట్టింది. ఎడ్డీ ఫెండర్ కంపెనీతో కలిసి 2007లో ఇ.వి.హెచ్. అనే బ్రాండు కింద 5150-3 తెచ్చాడు. అంటే 5150 అనే పేరున్న కొత్త పెట్టె పాత 5150 కాదు, ఆ పేరు లేని 6505 మాత్రం పాత 5150కి నేరు వారసురాలు. అన్న స్నేహితులు తికమకపడింది ఇక్కడే.

మన క్లాసులో పాఠాంతరాలు పోల్చేటప్పుడు మేడమ్ చెప్పే మాట ఇక్కడ నాకు పనికొచ్చింది. రెండు ప్రతుల మధ్య ప్రతి తేడాకూ ఒకే విలువ ఉండదు. కొన్ని రాతలో తేడాలు, కొన్ని అర్థాన్నే మార్చేవి. అలాగే ఈ పెట్టెల తేడాలనూ మూడు రకాలుగా విడదీశాను.

మొదటిది పేరు తేడా. 5150లోనే రెండు రకాలున్నాయి, ఎడ్డీ సంతకం ఉన్నవి, ఉత్త అచ్చు అక్షరాలున్నవి. 6505 మూడోది. మూడింటిలోనూ 120 వాట్ల శక్తి, ముందు భాగంలో 12ఏఎక్స్7 చిన్న వాల్వులు ఐదు, చివర 6ఎల్6 పెద్ద వాల్వులు నాలుగు. రిథమ్, లీడ్ అని రెండు చానళ్ళు. స్వరం సరిచేసే మీటలు రెండు చానళ్ళకూ ఉమ్మడి. కొనేవాడికి ఇవన్నీ ఒకే పెట్టె. సంతకం ఉన్నదానికి ఎక్కువ ధర పలికితే, ఆ ఎక్కువ సంతకానికే.

రెండోది వసతి తేడా. 5150-2, 6505 ప్లస్ ఈ రకం. చిన్న వాల్వులు ఆరు. ప్రతి చానలుకూ విడివిడిగా బేస్, మిడిల్, ట్రెబుల్ మీటలు. పదును పెంచే ప్రెజెన్స్, కింది స్వరాలకు బరువిచ్చే రెజొనెన్స్ కూడా విడివిడిగానే. పాతదాంట్లో లీడ్‌కు కుదిర్చిన స్వరం రిథమ్‌కు కుదరకపోతే రాజీ పడాలి, ఇందులో ఆ బాధ లేదు. ఒకే పాటలో మెత్తటి భాగం, గరుకు భాగం రెండూ వాయించేవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చే తేడా.

మూడోది గుణం తేడా. ఇ.వి.హెచ్. వాళ్ళ 5150-3 వేరే పెట్టె. వంద వాట్ల రకంలో చిన్న వాల్వులు ఎనిమిది, చానళ్ళు మూడు, ప్రతిదానికీ సొంత మీటలు. మొదటి చానలు శుభ్రంగా పలుకుతుంది. పాత 5150లో శుభ్రమైన ధ్వని ఎప్పుడూ పేదదే. అదే 5150-3 యాభై వాట్ల రకంలో మొదటి రెండు చానళ్ళకూ స్వరం మీటలు ఉమ్మడి, కాబట్టి ఒకే పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

ఇక మన ఊరి లెక్క. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనకు 230. అక్కడ కొన్న పెట్టెను ఇక్కడ ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. తగినంత సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, దాన్ని ప్రతి కచేరీకీ మోసుకెళ్ళాలి. పైగా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అరవైకి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరు యాభై మీద ఎక్కువ వేడెక్కుతుంది. పెట్టె బరువు ఇరవై కిలోల పైమాటే. మామయ్య సూట్‌కేసు బరువంతా దానికే పోతుంది. బెంగళూరులో దొరికిన 6505 మాత్రం 230 వోల్టులకు చేసినదే.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అన్నకు ఇచ్చాను. తను 6505 కొన్నాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి నాలుగు పెద్ద వాల్వులు కొత్తవి వేయించాడు, మిగతాది స్పీకరు క్యాబినెట్‌కు దాచాడు. ‘‘సంతకం లేదేంట్రా’’ అని ఒక స్నేహితుడు అడిగితే, ‘‘వినిపించదు కదా అది’’ అన్నాడట.

మీలో ఎవరైనా, లేదా మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది కొనేటట్టయితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. రెండు పెట్టెలు పోల్చేటప్పుడు గిటారు, స్పీకరు మార్చకండి. ఒకే స్పీకరుకు రెండూ తగిలించి వినండి, ఎందుకంటే స్పీకరు మారితే వచ్చే తేడా చాలాసార్లు పెట్టె తేడాకంటే పెద్దది. రెండింటి శబ్దం సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా మోగేది చెవికి మంచిదిగా తోస్తుంది, అది చెవి చేసే మోసం. పాత పెట్టెలో అరిగిపోయిన వాల్వులు, కొత్త పెట్టెలో తాజా వాల్వులు ఉంటే మీరు పోల్చేది వాల్వుల వయసునే. చివరగా, స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరు ఎప్పుడూ వాయించకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది. స్పీకరు ఓమ్‌లు, వెనక ఉన్న స్విచ్ ఓమ్‌లు కలవాలి.

ఇంకొక్క హెచ్చరిక, ఇది నవ్వుకు కాదు. ఈ పెట్టె లోపల కొన్ని వందల వోల్టులుంటాయి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో ఆ కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. వాల్వు మార్చడం వేరు, అడుగు పలక విప్పి లోపల చెయ్యి పెట్టడం వేరు. ఆ రెండో పని తెలిసిన మెకానిక్కే చెయ్యాలి.

మన బెంగళూరుకు ఈ ధ్వని మీద పాత ప్రేమే ఉంది. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించాయి. ఇక్కడి పిల్లలు సొంతంగా బ్యాండ్లు కట్టుకున్నారు. వాళ్ళలో ఆడపిల్లలు తక్కువ. అంగడికి వెళ్తే ‘‘ఎవరికి కొంటున్నారమ్మా, తమ్ముడికా?’’ అని అడుగుతారు. నన్నూ అడిగారు. వాట్లు, వోల్టులు, ఓమ్‌లు తెలిసి ఉంటే ఆ ప్రశ్నకు జవాబుగా మనమే మూడు ప్రశ్నలు వేయొచ్చు. ఎన్ని వోల్టులకు చేసింది? వాల్వులు ఎప్పుడు మార్చారు? ఏ స్పీకరు మీద వినిపిస్తారు? ఈ మూడూ అడిగాక అంగడివాళ్ళు తమ్ముడి మాట ఎత్తలేదు, స్టూలు వేసి కూర్చోమన్నారు.