మా కొండ వ్యవసాయం

సావనీరుకు ఏదైనా రాయవోయ్ అని యూనియన్ మిత్రులు పట్టుకున్నారు. కవిత్వం నా వల్ల కాదు, రాజకీయాలు రాస్తే వాళ్ళు వెయ్యరు. పోనీ మా ఊరి గురించి రాస్తానన్నాను. "మీది అరకు కదూ! బొర్రా గుహల మీద రాయి, బాగుంటుంది" అన్నారు. హాస్టల్లో చేరిన రోజు నుంచి నాకిదే తంతు. ఏజెన్సీ అంటే అరకు, అరకు అంటే గుహలు, రైలు సొరంగాలు, బొంగులో చికెన్. అయ్యా, మాది అరకు కాదు. పాడేరు దాటి, బస్సు దిగి, రెండు గెడ్డలు దాటి నడవాల్సిన ముప్పై గడపల పల్లె. మాకు గుహల్లేవు. వ్యవసాయం ఉంది.

దాని గురించే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి సంవత్సరంలో మాకు నోట్సు చెబుతూ, "పోడు అనగా అడవిని నరికి తగలబెట్టి నేలను పాడుచేసే ఆదిమ వ్యవసాయ పద్ధతి" అని చెప్పారు. నేనూ శ్రద్ధగా రాసుకున్నాను. పరీక్షలో అదే రాస్తే మార్కులు కూడా బాగానే వచ్చాయి. మా తాత బతుకంతా పోడు చేసినవాడు. ఆ మార్కులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

ముందు నేల సంగతి. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడగా ఉండవు. నదులు కోసేసిన తునకలుగా, గుట్టలు గుట్టలుగా ఉంటాయి. మా వైపు, అంటే 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన పాత విశాఖ ఏజెన్సీలో, ఊళ్ళు చాలావరకు 900 మీటర్ల ఎత్తు చుట్టుపక్కల ఉంటాయి. శిఖరాలు దాదాపు 1700 మీటర్ల దాకా పోతాయి. ఇక్కడి ముఖ్యమైన రాయి పేరు ఖొండలైటు. మా పొరుగున ఉండే ఖోండు జనం పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. జాతి పేరు రాయికి ఇచ్చారు గానీ, ఆ జాతికి ఏమిచ్చారు అని అడక్కండి. ఆ రాయి చివికితే ఎర్రమట్టి అవుతుంది. పైనుంచి వాన కడిగేస్తుంటే కాస్త పులుపెక్కిన, బలం తక్కువైన నేల అది. గోస్తనీ, శారదా, వరాహా, తాండవా ఈ కొండల్లోనే పుట్టి సముద్రానికి దిగుతాయి. తాటిపూడి, రైవాడ జలాశయాల నీళ్ళు విశాఖ కుళాయిల్లోకి వస్తాయి కనుక, మీరు రోజూ తాగే గ్లాసులో మా కొండలు కాస్త ఉన్నట్టే.

ఇంకో విచిత్రం చలి. ఎత్తుకు పోయేకొద్దీ చలి ఎక్కువని పుస్తకంలో ఉంటుంది, వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున తగ్గుతుందని లెక్క. అది నిజమే గానీ, జనవరి రాత్రి మా ఊళ్ళో తిరగబడుతుంది. మబ్బులేని రాత్రి నేల వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్ళలాగే వాలు వెంబడి జారి లోయ అడుగున నిలుస్తుంది. లంబసింగిలో మంచు గడ్డకట్టిందని పేపర్లో వస్తుందే, దానికి ఎత్తుతో పాటు ఈ పళ్ళెం లాంటి పల్లం కూడా కారణమే. అందుకే మా పాతవాళ్ళు ఇళ్ళను లోయ అడుగున కట్టలేదు, వాలు మీద కట్టారు. గెడ్డకి దూరమైనా సరే. కాఫీ మొక్కలు కూడా అడుగున పెడితే మంచుకి మాడిపోతాయి.

ఇక భూములు. మాకు ఎకరాల్లో చెప్పడం ఈమధ్య వచ్చిన అలవాటు. అసలు లెక్క పల్లం, గరువు, పోడు. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా రాళ్ళ గట్లు కట్టి, పై మడి నీళ్ళు కింది మడిలోకి దిగేలా చేసుకున్నది పల్లం. అక్కడ వరి. ఊరి చుట్టూ కాస్త సాపుగా, నాగలి పట్టే మెట్ట నేల గరువు. అక్కడ చోళ్ళు, రాజ్‌మా, వలిసెలు. చలికాలం మొదట్లో మీరంతా వచ్చి ఫోటోలు దిగే పసుప్పచ్చ పూల తోట ఉంది చూశారూ, అది పూలతోట కాదండీ, మా వంటనూనె. ఆ పైన, నాగలి పోని వాలు మీద పోడు. పల్లం ఉన్నవాడు ఊళ్ళో కలిగినవాడు. పోడు మాత్రం పల్లం లేనివాడికి కూడా ఉంటుంది. అంటే పేదవాడి అన్నం ఆ వాలు మీద ఉందన్నమాట.

మా తాత పోడు చేసే తీరు చూస్తే అందులో తగలబెట్టడం ఒక పూట పని. మిగతాదంతా ఆలోచనే. సంక్రాంతి దాటాక వాలు చూసుకునేవాడు. ఏ చెట్లు లేచాయి, ఆకు ఎంత మందాన రాలింది, కాలితో తంతే మట్టి ఏ రంగున ఉంది, ఇవన్నీ చూసేవాడు. మామిడి, చింత, జీలుగు, ఇప్ప ముట్టుకునేవాడు కాదు. మిగతా వాటిని మొదలంటా నరక్కుండా మోకాలెత్తు మోడు వదిలేవాడు. ఆ మోళ్ళే తర్వాత చిగురుపెట్టి మళ్ళీ అడవి అవుతాయి, అంతవరకు వాటి వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. కొట్టిన కంప రెండు మూడు నెలలు ఎండాక, చుట్టూ ఆకు ఊడ్చి బాట తీసి, వానలకు ముందు అంటించేవాళ్ళు. ఆ బూడిదే మా ఎరువు. నేల పులుపును విరిచేది, పొటాషు, భాస్వరం ఇచ్చేది అదే. మంటలో నత్రజని మాత్రం పోతుంది. దానికి విరుగుడు కంది. తాతకి నత్రజని పేరు తెలియదు, కంది లేకుండా పోడు చల్లకూడదని మాత్రం తెలుసు.

నాగలి పెట్టరు. మెత్తగా దున్నితే మొదటి వానకే మట్టి గెడ్డలో ఉంటుంది. బొరిగతో కాస్త గీరి గింజ వెయ్యడమే. ఒక గింజ కాదు. సామలు, చోళ్ళు, జొన్న, కంది, అనుములు, గుమ్మడి, అన్నీ కలిపి. జొన్న పైకి పోతుంది, అనుములు మోళ్ళకి పాకుతాయి, గుమ్మడాకు నేలని కప్పుతుంది. సామలు ముందు చేతికొస్తాయి, తర్వాత చోళ్ళు, ఆ తర్వాత జొన్న, సంక్రాంతి దాటాక కంది. వాన ముందుగా పోతే ఒకటి పోతుంది, ఆలస్యమైతే ఇంకొకటి పోతుంది, అన్నీ ఒక్కసారి పోయిన సంవత్సరం మా అమ్మకు గుర్తులేదు. అయితే మొదటి సామ కోతకు ముందు శ్రావణం, భాద్రపదం గడ్డు నెలలు. దుంపలు, వెదురు కొమ్ములు, మరీ లేకపోతే మామిడి టెంక పిండి అంబలి. దీన్ని నేను గొప్పగా చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. కొత్తపంటను దేవతకు పెట్టకుండా తినకూడదన్న కట్టుబాటు కూడా ఉంది. ఆకలికి ఆగలేక పాలకంకి కోసుకోకుండా ఆపడానికే దాన్ని పెట్టారేమోనని నాకనిపిస్తుంది.

అసలు గుట్టు విరామంలో ఉంది. "మనిసికి మల్లే నేలకీ అలుపొస్తాదిరా" అనేవాడు తాత. మూడేళ్ళు పండించి పన్నెండేళ్ళు వదిలేస్తే అడవి మళ్ళీ లేస్తుంది. అంటే ఏటా ఒక ఎకరం సాగుచెయ్యాలంటే ఐదెకరాల వాలు చేతిలో ఉండాలి. చిన్న లెక్క. ఆ లెక్క ఎక్కడ చెడిందో చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు కావడం మొదలైంది. పోడు మీద ఆంక్షలు వచ్చాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడికి వెనక ఉన్న కోపంలో ఇదీ ఒకటి. ఆ తరువాత జనం పెరిగారు, అది మా వైపు తప్పో ఒప్పో గానీ నిజం. పన్నెండేళ్ళ విరామం ఆరయింది, మూడయింది. మూడేళ్ళు పండించి మూడేళ్ళు వదిలితే లేచేది అడవి కాదు, పొద. పొద కాలిస్తే పిడికెడు బూడిద. అప్పుడు మట్టి నిజంగానే కొట్టుకుపోతుంది. మా నోట్సులో రాసింది ఈ చివరి అంకం ఒక్కటే, ముందు అంకాలు లేకుండా.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న నేలకు, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు ఇస్తుంది. మంచి చట్టం. కానీ కొలవడానికి వచ్చినాయన మా అయ్యను అడిగిన ప్రశ్న చూడండి: "ఇందులో పంట ఎక్కడుంది?" మా అయ్య పంటున్న ముక్కా చూపించాడు, అడవి లేస్తున్న ముక్కలూ చూపించాడు. "అది అడవి కదయ్యా" అన్నాడాయన. పండుకున్న నేల కూడా మా సాగులో భాగమే అని చెప్పడానికి మా అయ్యకు మాటలు దొరకలేదు. పంటున్న ముక్కకు పట్టా వచ్చింది. మిగిలినవి రాలేదు. విరామం ఇవ్వడానికి చోటు లేకపోయాక, ఉన్న ముక్కలో ఏటేటా కాల్చలేక, కాఫీ పెట్టాడు.

కాఫీ మంచిదే, అబద్ధమెందుకు. సిల్వర్ ఓక్ నీడలో అరబికా, ఆ చెట్టుకే మిరియం తీగ. కాల్చే పని లేదు, ఆకు రాలి నేలని కప్పుతుంది, వాలు నిలబడుతుంది. నాటిన మూడు నాలుగేళ్ళకు కాపు. వేసవి మొదట్లో ఒక్క జల్లు పడితే తోటంతా తెల్లగా పూస్తుంది, నవంబరు నుంచి పళ్ళు కోస్తాం. నా హాస్టలు ఖర్చు దాని మీదనే నడుస్తోంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే అరబికా ధరకు ఒరవడి న్యూయార్కు మార్కెట్టు. పైగా ఒకే మొక్క. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించినప్పుడు పళ్ళు కోసి, ఉడకబెట్టి, పాతిపెట్టారు. ఆ వార్త విన్న రాత్రి అమ్మ ఫోన్‌లో అడిగింది, "కాఫీ పోతే ఏటి తింటాం రా? సామ పోతే కంది తినేవోళ్ళం."

మా నాయనమ్మ ఇప్పటికీ సొరబుర్రల్లో బూడిద కలిపి గింజలు దాస్తుంది. సామలు, అనుములు, రెండు రకాల కంది. పోడు లేదు కదా ఎందుకే అంటే, గరువు చివర రెండు వరుసలు చల్లి మళ్ళీ విత్తనం తీసుకుంటుంది. మొన్న వేసవికి వెళ్ళినప్పుడు ఏ బుర్రలో ఏముందో నోట్‌బుక్కులో రాసుకున్నాను. మూడో బుర్రలోది ఏ అనుమో ఆమెకే ముసురులో గుర్తురాలేదు. జూన్‌లో చల్లి చూద్దాం, పువ్వు రంగు చూస్తే చెప్పేస్తానంది.